గోడకు కవచం సరే, గొట్టానికో?

2022 డిసెంబరు మధ్యలో ఒక రాత్రి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సెర్గీ ప్రొకొప్యేవ్, దిమిత్రీ పెతెలిన్ స్పేస్‌వాక్‌కు తయారవుతున్నారు. ఇంతలో, కేంద్రానికి అతుక్కుని ఉన్న సోయుజ్ ఎమ్మెస్-22 నౌక వెనుక భాగం నుంచి తెల్లటి రేణువులు ధారగా చిమ్మడం మొదలైంది. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. చీకట్లో మెరుస్తూ ఎగిరిపోతున్న ఆ రేణువులు నౌకను చల్లబరిచే ద్రవం. గంటల తరబడి కారి కారి రేడియేటర్ ఖాళీ అయింది. స్పేస్‌వాక్ రద్దయింది. రేడియేటర్ గొట్టానికి 0.8 మిల్లీమీటర్ల రంధ్రం పడిందని, సూక్ష్మ ఉల్కాశకలం తగలడమే కారణమని రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మాస్ తర్వాత తేల్చింది.

నౌకలో గాలి పోలేదు, మనుషులు కూర్చునే గది గోడకు గీత కూడా పడలేదు. అయినా ఆ నౌకలో మనుషుల్ని ఎక్కించి కిందికి దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చల్లబరిచే ఏర్పాటు లేకుండా ముగ్గురు కూర్చుంటే లోపల వేడి, ఉక్క ఎంతకు పెరుగుతాయో అన్న భయం. అత్యవసరంగా దిగాల్సి వస్తే ఏం చేయాలన్నదానికి దొరికిన ఉపాయం ఏమిటంటే, మూడో వ్యోమగామి ఫ్రాంక్ రూబియో ఒంటి కొలతలకు పోతపోసిన సీటు లైనర్‌ను సోయుజ్‌లోంచి విప్పి, పక్కనే ఉన్న అమెరికా నౌక క్రూ డ్రాగన్‌లో బిగించడం. సోయుజ్‌లో ఒక మనిషి తగ్గితే అంత వేడి తగ్గుతుంది! చివరికి ఆ నౌక 2023 మార్చి 28న ఖాళీగా కజకిస్తాన్‌లో దిగింది. ఆరు నెలలకని వెళ్లిన ముగ్గురూ 371 రోజులు ఉండి, వేరే నౌకలో సెప్టెంబరులో తిరిగొచ్చారు.

మిల్లీమీటరు కూడా లేని రంధ్రం చేసిన పని ఇది. ఉల్కల నుంచి, అంతరిక్ష శకలాల నుంచి నౌకను కాపాడటం గురించి ఎక్కడ చదివినా చర్చంతా గోడ చుట్టూనే తిరుగుతుంది. ఎంత మందం, ఏ లోహం, ఎన్ని పొరలు అని. ఆ గోడ వెనక ఉన్న ఇంజనీరింగ్ అంటే నాకు చాలా ఇష్టం, కాసేపట్లో దాని గురించే చెబుతాను. కానీ కక్ష్యలో నౌకను కాపాడేది ప్రధానంగా గోడేనన్న అభిప్రాయాన్ని మనం వదులుకోవాల్సిన సమయం వచ్చిందని నా వాదన. ఏది పగిలినా బతకగలమో, ఏది పగిలితే ఇంటికి రాలేమో ముందే తేల్చుకుని, దాని ప్రకారం నౌకను గీయడమే అసలు రక్షణ. గోడ అందులో ఒక భాగం మాత్రమే.

ముందు వేగాల సంగతి. భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగేవన్నీ సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. రెండు వస్తువులు వేర్వేరు దిశల నుంచి వచ్చి ఢీకొంటే సగటున సెకనుకు 10 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సహజమైన ఉల్కాధూళి ఇంకా వేగం. సగటు 20 కిలోమీటర్ల ప్రాంతం, కొన్ని 70 దాటతాయి. ఒక సెంటీమీటరు అడ్డుకొలత ఉన్న అల్యూమినియం గోళీ బరువు గ్రాముంపావు, గ్రామున్నర మధ్య. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంలో దాని శక్తి సుమారు 70 కిలోజౌళ్లు. అంటే తన బరువుకు దాదాపు 12 రెట్ల టీఎన్‌టీ పేలినంత. ఆ వేగంలో లోహానికి దాని బలంతో పెద్దగా పని లేదు. గట్టిదా మెత్తదా అన్నదానికన్నా ఎంత పదార్థం ఉంది, ఎక్కడ ఉంది అన్నదే ముఖ్యం.

ఇక్కడే ఫ్రెడ్ విపుల్ వస్తాడు. హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త. తోకచుక్కలు మురికి మంచుముద్దలని చెప్పినాయన ఈయనే. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు రాడార్లను మోసగించడానికి విమానాల నుంచి చల్లే అల్యూమినియం రేకు ముక్కలను కత్తిరించే యంత్రం కూడా ఈయన చేతిదే. ఇంకా ఒక్క ఉపగ్రహం కూడా ఎగరని 1940ల చివర్లో ఈయన ఒక ఆలోచన చెప్పాడు: నౌక గోడను మందంగా చేయకండి, గోడకు కొంచెం దూరంలో ఒక పల్చటి రేకు పెట్టండి. వినడానికి ఏదో తప్పు చెప్పినట్టుంటుంది. గోళీ ఆ రేకును చీల్చుకుని పోదా? పోతుంది. పోవాలనే రేకు అక్కడుంది. తగిలిన క్షణంలో రేకులోనూ గోళీలోనూ ఆఘాత తరంగం పుడుతుంది. ఆ తరంగం గోళీ వెనుక అంచుదాకా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు లోహాన్ని లోపలి నుంచి చీలుస్తుంది. గోళీ ముక్కలై, కొంత కరిగి, కొంత ఆవిరై, రేకుకు అవతల ఒక మేఘంగా విచ్చుకుంటుంది. పది సెంటీమీటర్ల ఖాళీని ఆ మేఘం దాటేసరికి పట్టేది సెకనులో లక్షో వంతు. ఆ కాస్త సమయంలోనే అది ఎంత వెడల్పుకు పరుచుకుందన్నదాని మీద లోపలి గోడ నిలుస్తుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది. ఖాళీ రెట్టింపైతే మేఘం పడే వైశాల్యం నాలుగింతలవుతుంది. ఇక్కడ కాపలా కాసేది లోహం కన్నా ఎక్కువగా ఖాళీ.

అంతరిక్ష కేంద్రంలోని అమెరికా ప్రయోగశాల మాడ్యూల్‌కు ముందువైపు ఉన్న కవచాన్నే చూడండి. బయట 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. నడుమ ఆరు పొరల నెక్స్‌టెల్ అనే పింగాణీ నూలు బట్ట, తూటాలను ఆపే చొక్కాల్లో వాడే కెవ్లార్ బట్ట ఆరు పొరలు. లోపల 4.8 మిల్లీమీటర్ల అల్యూమినియం గోడ. రేకు నుంచి గోడకు దూరం 11 సెంటీమీటర్ల పైచిలుకు. సెంటీమీటరు దాటిన గోళీని కూడా ఇది ఆపుతుంది. అదే పని ఒకే ముద్ద గోడతో చేయాలంటే నాలుగు సెంటీమీటర్ల పైనే మందం కావాలి, చదరపు మీటరుకు వంద కిలోలకు పైగా బరువు పడుతుంది. ఆ బరువుతో ఏ రాకెట్టూ ఏ కేంద్రాన్నీ పైకి మోయలేదు. అందుకే కేంద్రమంతా ఒకే కవచం వేయలేదు. వందకు పైగా రకాల కవచాలున్నాయి అక్కడ. శకలాలు ఎక్కువగా ముందు నుంచి, పక్కల నుంచి వస్తాయి కాబట్టి అటువైపు బందోబస్తు ఎక్కువ. వెనుకవైపు, భూమికేసి ఉన్న వైపు తేలిక.

ఈ కవచాల ప్రవర్తనలో నన్ను బాగా ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. కొన్ని వేగాల్లో, నెమ్మదిగా వచ్చే గోళీ ఎక్కువ ప్రమాదం. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంలో గోళీ రేకును చీల్చుకుని దాదాపు ఒకే ముక్కగా లోపలి గోడను తాకుతుంది. వేగం 7 దాటితే నుగ్గునుగ్గై కరిగిపోతుంది కాబట్టి మూడు కన్నా ఏడులోనే కవచం పెద్ద గోళీని ఆపగలదు. ఏడు దాటి ఇంకా పెరిగితే మళ్లీ శక్తి గెలుస్తుంది. అంటే ఈ కవచం దెబ్బ చాలా గట్టిగా తగిలితేనే బాగా పనిచేసే వస్తువు.

దీన్ని పరీక్షించేది హైడ్రోజన్‌ను అణిచి తూటాను తోసే రెండంచెల గ్యాస్ తుపాకులతో. న్యూ మెక్సికోలోని నాసా వైట్ శాండ్స్ కేంద్రంలో ఈ పని జరుగుతుంది. ఆ తుపాకులు మామూలుగా 7, 8 కిలోమీటర్ల వేగం దగ్గర ఆగిపోతాయి. కక్ష్యలో సగటు ఢీ 10. దానికి పైనున్నదంతా కంప్యూటర్ లెక్కలు, సమీకరణాలు. ఆ లెక్కల మీద నాకు గౌరవముంది. కాకపోతే 'ఈ కవచం సెంటీమీటరు శకలాన్ని ఆపుతుంది' అని ఎవరైనా ఖాయంగా చెప్పినప్పుడు, ఏ వేగంలో, ఏ కోణంలో, ఏ ఆకారాన్ని అని అడగాలనిపిస్తుంది. పరీక్షల్లో ఎక్కువగా వాడేది గుండ్రటి అల్యూమినియం గోళీ. పైన తిరిగేవి పెచ్చులు, మేకులు, విరిగిన ప్యానెళ్ల ముక్కలు.

ఇక గోడ పరిమితి. యూరప్ అంతరిక్ష సంస్థ అంచనాల్లో కక్ష్యలో 10 సెంటీమీటర్ల కన్నా పెద్దవి 54 వేల దాకా, 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్యవి 12 లక్షలు, మిల్లీమీటరు నుంచి సెంటీమీటరు లోపువి 14 కోట్లు. 10 సెంటీమీటర్లు దాటినవాటిని రాడార్లు చూస్తాయి. ఢీకొనే అవకాశం పదివేలలో ఒకటి దాటితే అంతరిక్ష కేంద్రం పక్కకు జరుగుతుంది. సెంటీమీటరు లోపువాటిని కవచం ఆపుతుంది. నడుమనున్న ఆ 12 లక్షలను నమ్మకంగా చూసే కన్నూ లేదు, ఆపే గోడా లేదు. కొత్త రాడార్లు ఈ ఖాళీని కొంచెం కొంచెంగా పైనుంచి తగ్గిస్తున్నాయి. కింది నుంచి తగ్గించడం మాత్రం కవచం వల్ల అయ్యే పని కాదు. గోళీ అడ్డుకొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలు, దెబ్బా ఎనిమిదింతలు.

గాంధారి చూపు పడి దుర్యోధనుడి ఒళ్లంతా వజ్రమైందని, గుడ్డ చుట్టుకున్న తొడలు మాత్రం మామూలుగా మిగిలాయని మనం చెప్పుకునే కథ వ్యోమనౌకకు అతికినట్టు సరిపోతుంది. నౌకకు తొడలు చాలా ఉంటాయి. 1983లో ఛాలెంజర్ షటిల్ కిటికీకి గుంట పడింది, తగిలింది మిల్లీమీటరులో ఐదో వంతు ఉన్న రంగు పెచ్చు. 2016లో యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1ఎ సౌర ఫలకం మీద మిల్లీమీటర్ల కణం తగిలి 40 సెంటీమీటర్ల మేర దెబ్బతింది. 2021లో అంతరిక్ష కేంద్రం రోబో చేతికి 5 మిల్లీమీటర్ల రంధ్రం కనిపించింది. తర్వాత సోయుజ్ గొట్టం. 2025 నవంబరులో చైనా షెన్‌జౌ-20 నౌక తిరుగు ప్రయాణం చివరి నిమిషంలో ఆగింది. కిటికీలో సన్నటి పగుళ్లు కనిపించాయి, శకలం తగిలిందని అనుమానం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. కవచం ఉన్నచోట కూడా దెబ్బలు తగులుతూనే ఉన్నాయి, అక్కడేమీ కాలేదు కాబట్టి అవి వార్త కాలేదు, అంతే కదా? నిజమే. ఐదున్నరేళ్లకు పైగా కక్ష్యలో ఉండి 1990లో వెనక్కి తెచ్చిన ఎల్‌డెఫ్ అనే బస్సంత ఉపగ్రహం మీద కంటికి కనిపించే గుంటలే 30 వేలకు పైగా లెక్కపెట్టారు. అంతరిక్ష కేంద్రం కవచాలు పాతికేళ్లుగా ఎన్ని తిని ఉంటాయో! విపుల్ రేకు లేకపోతే ఈ వ్యాసం రాసే అవసరమే ఉండేది కాదు, కేంద్రమే ఉండేది కాదు గనక. కానీ ఈ అభ్యంతరం నా వాదనకే బలం. గోడ తన పని ఎంత బాగా చేస్తే, మిగిలిన ప్రమాదం అంతగా గోడ లేని చోట్ల పోగుపడుతుంది. కాబట్టి ఇకపై పెట్టే ప్రతి అదనపు కిలోను మళ్లీ గోడకే అతికించడం తెలివైన ఖర్చు అనిపించుకోదు.

ఎమ్మెస్-22 విషయంలో అసలది శకలమేనా అన్న అనుమానాలూ వచ్చాయి. రెండు నెలలకే ప్రోగ్రెస్ ఎమ్మెస్-21 అనే సరుకు నౌకలోనూ అలాంటి లీకే జరిగింది మరి. తయారీ లోపమేమోనని చాలామంది అన్నారు, రాస్‌కాస్మాస్ మాత్రం రెండింటికీ బయటి దెబ్బనే కారణంగా చూపింది. రెండుసార్లూ ఒకే చోట దెబ్బ అంటే నాకూ మింగుడుపడదు. అయితే నాకు కావలసిన పాఠానికి కారణంతో నిమిత్తం లేదు. ఒక్క గొట్టం పోతే మొత్తం నౌక పనికిరాకుండా పోయేలా ఉందంటే, దాన్ని పగలగొట్టింది ఉల్కైనా అతుకు లోపమైనా ఒకటే.

అతిగా భయపడి కవచమే ముప్పు తెచ్చిన సందర్భం కూడా చరిత్రలో ఉంది. 1960ల్లో ఉల్కలంటే ఎంత బెంగో! 1965లో పెగాసస్ పేరుతో మూడు ఉపగ్రహాలను, కొస నుంచి కొసకు 29 మీటర్ల రెక్కలు తగిలించి, వాటికి ఎన్ని చిల్లులు పడతాయో కొలవడానికే పంపారు. తీరా 1973లో అమెరికా తొలి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పైకి లేచిన నిమిషానికే దాని ఉల్కా కవచం గాలికి ఊడిపోయింది. పోతూ పోతూ ఒక సౌర రెక్క ఊడిపోయేలా చేసింది, రెండోదాన్ని ఇరికించేసింది. ఎండ సోకి లోపల కొలిమైపోతే, మొదటి బృందం వెళ్లి గొడుగులాంటి తెర పరిచి కేంద్రాన్ని బతికించింది. ఆ కేంద్రానికి ఉల్కల వల్ల జరిగిన నష్టం, ఉల్కల కవచం వల్ల జరిగిన నష్టం ముందు లెక్కలోకే రాదు.

గోడ కాకుండా ఇంకేం చేయొచ్చు? చేసినవాళ్లున్నారు. షటిల్ కక్ష్యలో చాలాసేపు తోక ముందుకు పెట్టి ఎగిరేది, కిటికీలకు దెబ్బలు తగ్గించడానికి. దిగే ముందు పొడవాటి చేతితో ఉష్ణ కవచాన్ని మళ్లీ తనిఖీ చేసేవాళ్లు, కొలంబియా ప్రమాదం తర్వాత. జేమ్స్ వెబ్ టెలిస్కోపుదైతే ఇంకా కష్టమైన పరిస్థితి. దాని అద్దం మీద ఏ కవచమూ కప్పలేరు, కప్పితే టెలిస్కోపే కాదు. 2022 మేలో సీ3 అనే అద్దం ముక్కకు అనుకున్నదానికన్నా పెద్ద దెబ్బ తగిలింది. మిగతా అద్దాలను సర్ది దాని ప్రభావాన్ని చాలావరకు తగ్గించారు. ఆపైన, సూర్యుడి చుట్టూ అది పోయే దిశకు ఎదురుగా అద్దాన్ని వీలైనంత తక్కువసేపు పెట్టేలా పరిశీలనల పట్టికనే మార్చుకున్నారు. ఎదురుగా తగిలే కణం వేగం ఎక్కువ, వెనుక నుంచి తగిలేదాని వేగం తక్కువ. ఒక్క గ్రాము బరువు పెంచకుండా, కేవలం ముఖం తిప్పుకుని తగ్గించిన ప్రమాదం అది. నాకు ఏ కెవ్లార్ పొరకన్నా ఈ నిర్ణయం మీదే గౌరవం ఎక్కువ. అంతకంటే సాదా ఉపాయాలూ ఉన్నాయి. గొట్టాన్ని బయటి అంచు నుంచి లోపలికి జరపడం, రెండు తీగలను పక్కపక్కనే కాకుండా నౌకకు చెరోవైపు నడపడం, లీకైన పాయను కవాటం మూసి మిగతాదాన్ని నిలబెట్టుకోవడం. ఇవేవీ ఫొటోలో బాగుండవు, అందుకే వాటి గురించి ఎవరూ రాయరు.

అన్నిటికన్నా పైన నేను పెట్టేది మాత్రం అదనపు నౌకను. ఎమ్మెస్-22 బదులు ఎమ్మెస్-23 ఖాళీగా బయలుదేరేసరికి 2023 ఫిబ్రవరి 24 అయింది, అంటే లీకైన 10 వారాలకు. షెన్‌జౌ-20 వ్యోమగాములు నవంబరు 14న షెన్‌జౌ-21లో దిగిపోతే, చైనా అంతరిక్ష కేంద్రంలో మిగిలిన ముగ్గురికి కొన్నాళ్లు తిరుగు నౌకే లేకుండా పోయింది. కానీ నవంబరు 25 కల్లా షెన్‌జౌ-22 అక్కడికి చేరింది. ఒక రాకెట్టు ఎగిరేటప్పుడు ఇంకోటి సిద్ధంగా ఉంచాలన్న పద్ధతి వాళ్లకు ముందునుంచీ ఉంది. ఆ పద్ధతికయ్యే ఖర్చు తక్కువేం కాదు. మామూలు రోజుల్లో అది వృథాగా కనిపిస్తుంది. అయినా రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంత తేడా తెచ్చింది కవచపు మందం కాదు, నేల మీద నిలబెట్టి ఉంచిన నౌక.

ఇవన్నీ దెబ్బ తగిలాక సంగతులు. దెబ్బలను పుట్టించేవాళ్ల సంగతి చెప్పకుండా వదిలేయలేను. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని 860 కిలోమీటర్ల ఎత్తున క్షిపణితో పేల్చింది. రాడార్లకు దొరికిన ముక్కలే 3 వేలకు పైగా, ఆ ఎత్తున అవి దశాబ్దాల తరబడి తిరుగుతాయి. 2019 మార్చిలో భారత్ చేసిన పరీక్ష 300 కిలోమీటర్ల లోపే కాబట్టి ముక్కలు చాలావరకు నెలల్లో రాలిపోయాయి. అయినా కొన్ని అంతరిక్ష కేంద్రం ఎత్తును దాటి ఎగిరాయి. 2021 నవంబరులో రష్యా కాస్మోస్ 1408ను పేల్చినప్పుడు కేంద్రంలోని ఏడుగురూ తమ నౌకల్లో తలదాచుకున్నారు. వాళ్లలో ఇద్దరు రష్యన్లు కూడా! 'మన పరీక్ష బాధ్యతగా చేశాం' అని ప్రతి దేశమూ అంటుంది. ఎత్తు తగ్గించడం మంచిదే, మొత్తానికి చేయకపోవడం ఇంకా మంచిది. మిల్లీమీటరును ఆపడానికి ఒక ఇంజనీరు పదేళ్లు కష్టపడి కవచం నుంచి కిలో బరువు తగ్గిస్తే, ఒక మధ్యాహ్నం పేల్చిన క్షిపణి ఆ లెక్కను తిరగరాసేస్తుంది. ఆ ఖర్చు పేల్చినవాళ్లు కట్టరు. నాసా శాస్త్రవేత్తలు డొనాల్డ్ కెస్లర్, బర్టన్ కూర్-పలే 1978లోనే ముక్కలు ముక్కలను పుట్టించే స్థితి గురించి రాశారు. ఆ ఇద్దరిలో కూర్-పలే స్వయంగా కవచాల నిపుణుడన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు.

ఇప్పుడు ప్రైవేటు అంతరిక్ష కేంద్రాల బొమ్మలు వరసగా వస్తున్నాయి. పెద్ద కిటికీలు, గాలి నింపి విచ్చుకునే గదులు. గాలి గదుల మీద నాకేం అపనమ్మకం లేదు, ఎడం ఎడంగా పేర్చిన బట్ట పొరలు విపుల్ ఆలోచనకు దగ్గరగానే ఉంటాయి. నేను అడిగేది వేరే. మనుషులను తీసుకెళ్లే ప్రైవేటు నౌకలకు నాసా పెట్టిన షరతు ప్రకారం, 210 రోజుల యాత్రలో సిబ్బందిని కోల్పోయే అవకాశం 270లో ఒకటి దాటకూడదు. ఆ ఒకటిలో పెద్ద వాటా శకలాలది, ఉల్కలది. ఆ సంఖ్య ఉందన్న విషయమైనా బయటికి తెలుసు. కొత్త కేంద్రాలు కట్టేవాళ్లు ఏ సంఖ్య పెట్టుకున్నారో, అందులో గోడకు ఎంత, గొట్టాలకు ఎంత, కిటికీలకు ఎంత పంచారో టికెట్టు కొనేవాళ్లకు చెప్పాలి. దానితోపాటు, నౌక పాడైతే ఇంకోటి ఎన్ని రోజుల్లో వస్తుందో కూడా.